టబ్బా, షవరా, బకెట్టా? ఒక స్నానాల గది మీద మా కమిటీలో జరిగిన చర్చ



ఏటా ఈ సంచికలో పిల్లల ఫీజుల గురించో, రంజాన్ రేషన్ గురించో, కుట్టుమిషన్ల గురించో రాస్తూ వస్తున్నాం. ఈసారి స్నానాల గది గురించి రాస్తున్నాం. ఇందులో రాయడానికి ఏముందని కొందరికి అనిపించవచ్చు. మాకూ మొదట అలాగే అనిపించింది. కానీ మీరిచ్చిన డబ్బు మీద మా కమిటీలో ఇంతవరకూ ఏ విషయంలోనూ జరగనంత వాదన ఈ ఒక్క గది మీద జరిగింది. ఆ వాదనలో మేము నేర్చుకున్నది మీకూ పనికొస్తుంది. మీలో చాలామంది ఇప్పుడు ఇళ్లు కడుతున్నవారే, లేదా భోగాపురం చుట్టూ వెలిసిన వెంచర్లలో స్థలం కొని ప్లాను గీయిస్తున్నవారే.

సంగతి ఇది. భోగాపురానికి కొద్ది దూరంలో ఒక ఇల్లు. ఆరుగురు ఉంటారు. తుంటి ఎముక విరిగి, అతికి, ఇప్పుడు గోడ పట్టుకుని నడిచే పెద్దావిడ. భర్త పోయిన ఆమె కోడలు. కోడలికి ముగ్గురు ఆడపిల్లలు. పురుడు పోసుకోవడానికి పుట్టింటికి వచ్చిన పెద్దావిడ కూతురు. ఆ ఇంట్లో ప్రభుత్వం ఇచ్చిన డబ్బుతో కట్టిన మరుగుదొడ్డి ఉంది. స్నానానికి మాత్రం పెరట్లో తాటాకు దడి, దానికి వేలాడదీసిన పాత చీర. పైన ఆకాశం. ఆడవాళ్లు తెల్లవారక ముందే స్నానాలు ముగించుకుంటారు, లేకపోతే చీకటి పడ్డాక. పక్కన డాబా లేచినప్పటి నుంచి ఆ దడి ఉన్నా లేనట్టే.

ఇది ఆ ఒక్క ఇంటి గోడు కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలోని గ్రామీణ కుటుంబాల్లో పైకప్పు ఉన్న స్నానాల గది ఉన్నవి సుమారు నాలుగో వంతు. అయిదింట ఒక వంతు ఇళ్లలో కప్పు లేని దడి లాంటిది ఉంది. సగానికి పైగా ఇళ్లలో ఏదీ లేదు. 2014 అక్టోబరు 2న మొదలైన స్వచ్ఛ భారత్ కింద ఇంటికి 12,000 రూపాయలు ఇచ్చారు. అది మరుగుదొడ్డికి. స్నానానికి ప్రత్యేకంగా ఒక చోటు ఉండాలన్న మాట ఆ లెక్కలో వెనక్కి పోయింది. అందుకే చాలా ఇళ్లలో ఆ మూడడుగుల మరుగుదొడ్డిలోనే బకెట్టు పెట్టుకుని, కాళ్లు అటూ ఇటూ పెట్టి నిలబడి స్నానం చేస్తున్నారు. ఇంకొందరు దడి చాటునే.

ఈ ఇంటి సంగతి విని, విదేశంలో ఉద్యోగం చేస్తున్న మన దాత ఒకరు ఫోన్ చేశారు. గది మొత్తం ఖర్చు తానే పెట్టుకుంటానన్నారు. "సగం సగం పని వద్దు భాయ్. మంచి టైల్స్ వేయించండి, గీజర్ పెట్టించండి, టబ్ పెట్టించండి. ఆ పెద్దావిడ వేడినీళ్లలో కాసేపు కూర్చుంటే నొప్పులు తగ్గుతాయి" అన్నారు. మంచి మనసుతో అన్న మాట. మేము ఆ మాటే పెద్దావిడకు చేరవేశాం. ఆవిడ కాసేపు ఆలోచించి, "టబ్బులు మాకు రెండున్నాయి బాబూ, ఒకటి బట్టలు నానబెడతాం, ఒకటి చంటిదానికి. ఇంకోటి ఎందుకు?" అన్నారు.

నవ్వుకున్నాం గానీ, వాదన అక్కడే మొదలైంది.

కమిటీలో ఒకరు గట్టిగా అన్నారు: పేదవాళ్ల ఇల్లు అనగానే మనకు కుళాయి ఒక్కటి చాలనిపిస్తుంది, మన ఇల్లు అయితే కేటలాగు తెచ్చుకుని రంగులు ఎంచుకుంటాం. దాత ఇస్తానంటుంటే తగ్గించడానికి మనమెవరం? ఈ మాటకు వెంటనే జవాబు దొరకలేదు. నిజానికి ఇప్పటికీ ఆ మాటలో బరువు ఉందనే అనుకుంటున్నాం. సాయం చేసేవాళ్లకు తెలియకుండానే అబ్బే పిసినారితనం ఒకటుంటుంది. 'వాళ్లకు ఇది చాలు' అనేది దాని పలుకు.

అప్పుడు ఇంకొకరు అడిగారు: మనలో ఎవరింట్లో టబ్బు ఉంది? తొమ్మిది మందిలో ఇద్దరు చేతులెత్తారు. ఇద్దరివీ విశాఖపట్నంలో ఫ్లాట్లే. ఒకరింట్లో టబ్బులో ఎండాకాలం నీళ్లు పట్టి నిల్వ చేస్తారు, మున్సిపాలిటీ నీళ్లు రాని రోజుకు. రెండో ఆయన ఇంట్లో దాని మీద చెక్క పరిచి బట్టల బుట్ట పెట్టారు. స్నానం మాత్రం ఇద్దరూ పక్కన బకెట్టు పెట్టుకునే చేస్తారు. ఇల్లు కొన్నప్పుడు అది ముందే ఉందట. తీయించాలంటే టైల్స్ పగలగొట్టాలి.

ఇక మేము కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నాం.

ముందు నీళ్ల లెక్క. మామూలు ఇంటి బకెట్టులో 16 నుంచి 20 లీటర్లు పడతాయి. ఒకటి, ఒకటిన్నర బకెట్టుతో మనిషి తలస్నానం ముగుస్తుంది. షవరులో నిమిషానికి సుమారు 8 నుంచి 10 లీటర్లు పోతాయి. కట్టకుండా ఎనిమిది నిమిషాలు నిలబడితే 70 లీటర్లు దాటుతుంది. సబ్బు రుద్దుకునేటప్పుడు కట్టేస్తే బకెట్టు లెక్కకే వస్తుంది, కానీ ఆ అలవాటు ఎంతమందికి ఉందో ఎవరింట్లో వాళ్లు చూసుకోవాలి. స్నానపు టబ్బు నిండాలంటే 150 లీటర్లు కనీసం. పెద్దదైతే 200. అందులో సబ్బుతో కూర్చుని లేచాక పైన మళ్లీ మంచినీళ్లు పోసుకోక తప్పదు.

2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ పల్లెలో మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలని పెట్టుకుంది. అందులోనే తాగడం, వండడం, గిన్నెలు, బట్టలు, స్నానం అన్నీ. ఆరుగురున్న ఇంటికి 330 లీటర్లు. ఒక టబ్బు నింపితే ఆ ఇంటి ఒక రోజు నీళ్లలో సగం ఒక మనిషి స్నానానికి అయిపోతాయి. అవి కూడా రోజూ సమయానికి కుళాయికి వస్తే.

తర్వాత నీళ్లు కిందికి దిగే లెక్క. ఇది చాలామంది పట్టించుకోరు. ఒక అంతస్తు ఇంటి స్లాబు మీద చిన్న దిమ్మె కట్టి 500 లీటర్ల ట్యాంకు పెడతాం. ట్యాంకు అడుగు నుంచి షవరు తల వరకు ఎత్తు తేడా ఏడడుగులు ఉంటే గొప్ప. పది మీటర్ల ఎత్తు నీళ్లకు ఒక బార్ ఒత్తిడి అంటారు, మనకు వచ్చేది అందులో అయిదో వంతు. అందుకే పల్లెల్లో పెట్టిన షవర్లు జల్లులా పడవు, చూరు కారినట్టు కారతాయి. దానికి తోడు మన తీర గ్రామాల బోరు నీళ్లలో ఉప్పు, సున్నం. ఆరు నెలలు తిరిగేసరికి షవరు రంధ్రాలు సగం పూడిపోతాయి. సూదితో పొడుచుకోవాలి, లేదా నిమ్మరసమో వెనిగరో పోసి రాత్రంతా నానబెట్టాలి. హోటల్లో షవరు బాగా వస్తుంది కదా అంటారు. అక్కడ నాలుగంతస్తుల పైన ట్యాంకు ఉంటుంది, లేదా ప్రెషర్ పంపు ఉంటుంది.

ఆ పంపు సంగతి ఎత్తగానే అందరికీ 2014 గుర్తొచ్చింది. అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు. మోటార్లు ఆగిపోయాయి, ట్యాంకులు ఖాళీ అయ్యాయి. కొత్తగా కట్టుకున్న మేడల్లో షవర్లు, మెరిసే కుళాయిలు చూస్తూ కూర్చున్నారు. ఎవరింట్లో నుయ్యి, చేద మిగిలి ఉన్నాయో, ఏ వీధిలో చేతిపంపు పని చేస్తోందో అక్కడికే అందరూ బకెట్లు పట్టుకుని వెళ్లారు. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు శ్రీకాకుళం వాళ్ల వంతు అయింది. మన తీరంలో ఇల్లు కట్టేవాళ్లు కరెంటు లేకుండా వారం గడపగలిగేలా కట్టుకోవాలి, అది స్నానాల గది అయినా సరే.

ఇక్కడ మన ధర్మం వైపు నుంచి రెండు మాటలు. ఫత్వా చెప్పే అర్హత మాకు లేదు. సందేహం ఉంటే మీ మస్జిద్ ఇమామ్ సాహెబ్‌నే అడగండి. మాకు తెలిసింది మాత్రం చెబుతాం. ముహమ్మద్ ప్రవక్త (స) ఒక ముద్ నీళ్లతో వుజూ, ఒక సా నుంచి అయిదు ముద్‌ల నీళ్లతో గుసుల్ చేసేవారని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఉంది. ముద్ అంటే రెండు చేతుల దోసిలి నిండా. అలాంటివి నాలుగైతే ఒక సా. ఇప్పటి కొలతలో మూడు లీటర్లకు కాస్త అటూ ఇటూ. మూడు లీటర్లతో ఒళ్లంతా కడుక్కోవడం మనవల్ల కాకపోవచ్చు. కానీ అది కొలత, 150 లీటర్ల టబ్బు ఆ కొలతకు ఎంత దూరంలో ఉందో వేరే చెప్పనక్కర్లేదు. హనఫీ మజ్హబ్‌లో గుసుల్‌కు నోరు పుక్కిలించడం, ముక్కులో నీళ్లు ఎక్కించడం, ఒంటి మీద ప్రతి చోటా నీళ్లు తగలడం ఫర్జ్. పారే నీళ్లు ఒంటి మీద పడితే, అది చెంబుతో అయినా, షవరుతో అయినా, ఈ పని సులువుగా అవుతుంది. నిలవ నీళ్లలో కూర్చుంటే ఆలోచించాల్సినవి ఎక్కువ.

మరి టబ్బు అనేది పనికిమాలిన వస్తువా? కాదు. చలిదేశాల్లో ఇంట్లో కనీసం ఒక టబ్బు ఉండాలని, చిన్నపిల్లలున్న కుటుంబాలు టబ్బు లేని ఇల్లు కొనవని అక్కడి ఇళ్ల బ్రోకర్లు చెబుతుంటారు. ఆ చలిలో ఒళ్లు వెచ్చబడాలంటే వేడినీళ్లలో మునిగి కూర్చోవడం బాగానే ఉంటుంది. జపాన్‌లో ఇంకో పద్ధతి. అక్కడ తొట్టి బయట చిన్న పీట మీద కూర్చుని శుభ్రంగా ఒళ్లు కడుక్కున్నాకే వేడినీళ్ల తొట్టిలో దిగుతారు. అందుకని అవే నీళ్లలో ఇంట్లో అందరూ ఒకరి తర్వాత ఒకరు కూర్చుంటారు, మిగిలితే బట్టలు ఉతకడానికి వాడతారు. పొదుపు తెలిసిన పద్ధతే. మన పాలకుల హమామ్‌లలోనూ వేడినీళ్లు, చన్నీళ్లు, మట్టి గొట్టాలు అన్నీ ఉండేవి. హైదరాబాద్‌లో కుతుబ్‌షాహీ సమాధుల ప్రాంగణంలోని హమామ్‌ని చూసినవారికి తెలుసు. అయితే అది సుల్తానుల పార్థివ దేహాలకు ఆఖరి స్నానం చేయించిన చోటని చెబుతారు. ఆ మాటకు మళ్లీ వస్తాం.

పెద్దావిడ నొప్పుల సంగతి కూడా ఆలోచించాం. దాత అడిగింది ఆవిడ కోసమే కదా. టబ్బు అంచు నేల నుంచి అడుగున్నర ఎత్తు ఉంటుంది. తుంటి విరిగిన మనిషి ఒక కాలు మీద నిలబడి, రెండో కాలు ఆ అంచు దాటించి, సబ్బు జారే ప్లాస్టిక్ మీద పెట్టాలి. దిగడం ఒక గండం, లేవడం రెండో గండం. కోడలు ఒక్కతే పట్టుకుని లేపాలి. ఎముకల డాక్టరు గారిని అడిగితే ఆయన టబ్బు మాట వినిపించుకోనేలేదు. "గట్టి స్టూలు వేసి కూర్చోబెట్టండి, గోడకు పట్టుకునే కడ్డీ పెట్టండి, నేల జారకుండా చూడండి" అన్నారు. నొప్పి ఉన్న చోట వేడినీళ్ల కాపడం చాలట. కాన్పు తర్వాత గోరువెచ్చని నీళ్లలో కూర్చోమని డాక్టర్లు చెబుతారు కదా అని ఒకరు గుర్తుచేశారు. దానికి వెడల్పాటి ప్లాస్టిక్ బేసిన్ సరిపోతుంది. అది ఆవిడ చెప్పిన రెండు టబ్బుల్లోనే ఒకటి.

చంటిబిడ్డ స్నానం మన ఇళ్లలో టబ్బులో జరగదు. దాదీయో నానీయో చిన్న పీట మీద కూర్చుని, కాళ్లు చాపుకుని, ఆ కాళ్ల మీద బిడ్డను బోర్లా వెల్లకిలా తిప్పుతూ నూనె రాసి, నలుగు పెట్టి, చెంబుతో నీళ్లు పోస్తుంది. తర్వాత సాంబ్రాణి పొగ. పక్కింటి హిందువుల ఇంట్లోనూ ఇదే. దీనికి కావలసింది కాళ్లు చాపుకుని కూర్చునేంత నేల. అయిదడుగుల టబ్బును నాలుగడుగుల వెడల్పు గదిలో పెడితే ఆ నేల ఉండదు. జాతీయ భవన నిర్మాణ నియమావళి స్నానాల గదికి కనీసం 1.8 చదరపు మీటర్లు ఉండాలంటుంది, అంటే దాదాపు నాలుగున్నొక అయిదడుగులు. మరుగుదొడ్డితో కలిపితే 2.8. అయిదడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు ఉన్న టబ్బు ఆ చిన్న గదిలో అరవై శాతం పైన మింగేస్తుంది. మిగిలిన చోట తలుపు తెరుచుకోవాలి, మనిషి నిలబడాలి.

వేడినీళ్ల విషయంలో మా చర్చ అన్నిటికంటే ఎక్కువసేపు సాగింది. ఇది మీ ఇళ్లకూ వర్తిస్తుంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాం. ఒక బకెట్టు, అంటే 15 లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు వేడిచేయడానికి పావు యూనిట్ కరెంటు చాలు. 150 లీటర్ల టబ్బుకు రెండున్నర యూనిట్లు దాటుతుంది. ఖర్చు సంగతి అలా ఉంచితే, ప్రాణాల సంగతి పెద్దది. బకెట్టులో వేసే ఇమ్మర్షన్ రాడ్డు మన పల్లెల్లో ఎందరినో పొట్టనబెట్టుకుంది. స్విచ్ కట్టకుండా నీళ్లలో వేలు పెట్టి వేడి చూడటం, పిల్లలు బకెట్టు ముట్టుకోవడం, ఎర్తింగ్ లేకపోవడం కారణాలు. ఆ ఇంట్లో కూడా రాడ్డే ఉంది. దానికి రెండు తీగలే, మూడో పిన్ను లేదు. రెండోది గ్యాస్ గీజర్. దాన్ని కిటికీ లేని చిన్న గదిలో బిగిస్తే మండేటప్పుడు గదిలో ఆక్సిజన్ తగ్గి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన ఉండదు. లోపలి మనిషికి తల తిరిగినట్టు అనిపించేలోపు స్పృహ పోతుంది. గడియ వేసుకుని స్నానానికి వెళ్లిన పిల్లలు తిరిగి రాని ఇళ్లు దేశమంతటా ఉన్నాయి. గ్యాస్ గీజర్ పెట్టినవారు ఎవరైనా ఇది చదువుతుంటే, దాన్ని గది బయటి గోడకు మార్పించండి. గొట్టం ద్వారా వేడినీళ్లు మాత్రమే లోపలికి రావాలి. కరెంటు గీజర్ అయితే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒకటి మెయిన్ దగ్గర పెట్టించండి. టైల్స్ రంగుకు పెట్టే డబ్బులో కొంత దానికి పెట్టండి.

బకెట్టు మీద మాకు మమకారం ఉన్నంత మాత్రాన అది నిర్దోషి అనుకోవద్దు. ఏడాది, ఏడాదిన్నర పిల్లలు సగం నిండిన బకెట్టులోకి తొంగిచూసి తలకిందులుగా పడితే పైకి లేవలేరు. పెద్దవాళ్లు వంటింట్లో ఉండగానే అయిపోతుంది. వాడాక బకెట్టు బోర్లించాలి, తొట్టికి మూత ఉండాలి.

ఇక ఆఖరి స్నానం. ఈ మాట ఎత్తింది మా కమిటీలో జనాజా ఏర్పాట్లు చూసే పెద్దాయన. మన సంఘం దగ్గర గుసుల్ కోసం తఖ్తా ఉంది. ఎవరింట్లో మౌత్ అయినా పట్టుకెళతారు. ఆరడుగులకు పైగా పొడవు, రెండడుగులకు పైగా వెడల్పు. దానికి రెండు పక్కలా మనుషులు నిలబడి మయ్యిత్‌ను ఒకవైపు నుంచి ఇంకోవైపుకు తిప్పాలి. వాడిన నీళ్లు పోవడానికి దారి ఉండాలి. ఆడవాళ్ల మయ్యిత్ అయితే నాలుగువైపులా తెర. పాత ఇళ్లలో పెరడు ఉండేది, నులకమంచాలు నిలబెట్టి దుప్పట్లు కట్టేవాళ్లం. ఇప్పుడు పెరళ్లు పోతున్నాయి. భోగాపురం విమానాశ్రయం కోసం మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట ఊళ్లు లేచి కాలనీల్లోకి వెళ్లాయి. 2019 ఫిబ్రవరి 14న ఒకసారి, 2023 మే 3న మరోసారి శంకుస్థాపనలు జరిగాయి. ఆ తేదీల మధ్యలోనే మన మండలంలో సెంటు భూమి ధర సామాన్యుడికి అందకుండా పోయింది. స్థలం చిన్నదయ్యే కొద్దీ ఇల్లు గోడ నుంచి గోడకు కట్టేస్తున్నారు. "ఇంట్లో పుట్టిన బిడ్డకు, పోయిన మనిషికి నీళ్లు పోసే చోటు లేకుండా ఇల్లేంటి?" అని ఆ పెద్దాయన అడిగారు. కొన్ని ఊళ్లలో మస్జిద్ పక్కన దీనికోసం గది కడుతున్నారు. అది మంచిదే, కానీ దాని గురించి మరోసారి రాస్తాం.

చివరికి తేలింది ఇది. టబ్బు వద్దు. ఆ స్థలాన్ని, ఆ డబ్బును గదిలోనే పెడదాం. అయిదు అడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు. మరుగుదొడ్డిని అందులో కలపలేదు, పక్కనే వేరుగా ఉంచాం. ఆరుగురు ఉన్న ఇంట్లో ఒకరు స్నానానికి వెళితే ఇంకొకరు ఆగిపోకూడదు. సహరీ వేళ, ఫజ్ర్ వేళ ఆ తొందర ఎలా ఉంటుందో మీకు తెలుసు. (కొత్తగా కట్టేవారికి ఒక మాట: మన ప్రాంతానికి ఖిబ్లా పడమర వైపు. మరుగుదొడ్డి సీటు ఉత్తర దక్షిణాలుగా ఉండేలా పునాది వేసినప్పుడే మేస్త్రీకి చెప్పండి. తర్వాత చెబితే పగలగొట్టాలి.)

తలుపు బయటికి తెరుచుకునేలా పెట్టించాం. మేస్త్రీ ఒప్పుకోలేదు, అలవాటు లేదన్నాడు. లోపల పెద్దావిడ పడిపోతే, మనిషి తలుపుకు అడ్డంగా పడితే, లోపలికి తెరుచుకునే తలుపును ఎవరూ నెట్టలేరని చెప్పాక సరేనన్నాడు. నేలకు నునుపు టైల్స్ కాకుండా గరుకువి వేశాం. వాలు ఆరడుగులకు అంగుళం. ఒక గోడ పొడవునా పద్దెనిమిది అంగుళాల ఎత్తున సిమెంటు అరుగు కట్టించాం. పెద్దావిడ కూర్చోవడానికి, తర్వాత ఇంకెవరికైనా. అరుగు పక్కన జీఐ పైపు కడ్డీ, స్క్రూలతో కాదు, గోడలోనే పాతి సిమెంటు పోశాం. కుళాయిలు రెండు. ఒకటి బకెట్టు పట్టేంత ఎత్తున, రెండోది అరుగు మీద కూర్చుంటే చెయ్యి చాపితే అందేలా. మూలన చిన్న తొట్టి, మూతతో. కరెంటు లేని రోజుకు. చూరు కింద వెడల్పాటి వెంటిలేటర్, బయటివాళ్ల చూపు పడనంత ఎత్తున. బట్టలకు కొక్కేలు, ఎత్తుగా రెండు, పిల్లలకు అందేలా రెండు.

వాడిన నీళ్లకు మీటరు లోతు గొయ్యి తీసి రాళ్లు నింపాం. మనది ఇసుక నేల, నీళ్లు ఇట్టే ఇంకిపోతాయి. అందువల్లే నుయ్యికీ గొయ్యికీ మధ్య పది మీటర్లకు తగ్గకుండా చూడాలి. ఆ ఇంట్లో అంత దూరం రాక గొయ్యి చోటు రెండుసార్లు మార్చాల్సి వచ్చింది. చివరికి కొబ్బరిచెట్టు దగ్గర కుదిరింది. పూర్వం స్నానాల నీళ్లు ఆ చెట్టుకే వెళ్లేవని పెద్దావిడ చెప్పారు.

షవరు సంగతి మిగిలింది. దాతకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాం. ఆయన మొదట కాస్త నొచ్చుకున్నారు. ఖర్చుకు వెనకాడుతున్నామని అనుకున్నారు. అరుగు, కడ్డీ, తలుపు సంగతులు వివరించాక కాసేపు మాట్లాడలేదు. తమ అమ్మగారు కూడా బాత్రూంలోనే జారి పడ్డారని అప్పుడు చెప్పారు. "అయితే షవరు మాత్రం పెట్టండి. పిల్లలు ముగ్గురున్నారు కదా, వాళ్లకు సరదా" అన్నారు. ట్యాంకు దిమ్మెను ఇంకో మూడు వరసల ఇటుకలు లేపి షవరు పెట్టించాం. కమిటీలో 'మనమెవరం తగ్గించడానికి' అని అడిగిన సభ్యుడే దగ్గరుండి బిగించారు. జల్లు అంత జోరుగా రాదు. పిల్లలకు అదేమీ పట్టలేదు. కోడలు మాత్రం వాళ్లు వెళ్లాక ట్యాంకు చూసుకుని, వారంలో రెండు రోజులే షవరు అని నియమం పెట్టింది.

పని పూర్తయ్యాక దాత ఫొటో పంపమన్నారు. మామూలుగా మనం చేసే ప్రతి పనికీ ఫొటో పంపుతాం, ఈ సంచికలో కూడా వేస్తాం. కానీ ఒక ఇంటి ఆడవాళ్ల స్నానాల గది లోపల ఫొటో తీసి నలుగురికీ చూపడం ఎలా? ఆ ఇంటివాళ్లు వద్దనలేదు, సాయం పొందినవాళ్లు వద్దనలేరు. మేమే మానుకున్నాం. తలుపు వేసి ఉండగా బయటి నుంచి తీసిన ఫొటో పంపాం. ఆకుపచ్చ రంగు తలుపు, పక్కన కొబ్బరిచెట్టు. ఈ సంచికలో అది కూడా వేయడం లేదు, ఇల్లు గుర్తుపడతారని.

ఆయన ఆ తర్వాత ఇంకో రెండు గదులకు డబ్బు పంపారు. ఒకటి స్లాబు దాకా వచ్చింది. రెండో ఇంట్లో నుయ్యి, పక్కింటి హద్దు మధ్య పది మీటర్లు దొరకడం లేదు. పక్కింటివారితో మాట్లాడుతున్నాం.